పొలిమేర దాటిన ఊరు

1917లో అమెరికాలో హార్వర్డ్ యూనివర్సిటీ ప్రెస్ ఒక పుస్తకం వేసింది. పేరు 'ది మిర్రర్ ఆఫ్ జెశ్చర్'. మన 'అభినయ దర్పణం'కి ఇంగ్లీషు అనువాదం. చెయ్యి ఎలా తిప్పితే ఏ అర్థం, చూపు ఎటు వాలితే ఏ భావం, ఇదీ అందులోని విషయం. అనువాదకులు ఇద్దరు. ఒకరు ఆనంద కుమారస్వామి. రెండో ఆయన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య, ఎడింబరోలో ఎకనామిక్స్ ఎం.ఏ. చదివిన తెలుగాయన.

నాలుగేళ్ళ తర్వాత, 1921 ఎండాకాలంలో, ఆ రెండో ఆయన చీరాల పొలిమేర అవతల గుడిసెల మధ్య ఉన్నాడు. ఆయన వెనక ఒక ఊరు ఊరంతా ఉంది. పన్ను కట్టం, మీ మున్సిపాలిటీ మాకొద్దు అని ఇళ్ళకు తాళాలు వేసుకుని బయటికి నడిచిన వేలమంది.

చీరాల-పేరాల ఉద్యమం గురించి స్కూల్లో ఒక పేరా చదువుకున్నాం. రెండు మార్కుల ప్రశ్న. స్వాతంత్ర్య పోరాటంలో ఒక ఘట్టం అని రాసి వదిలేశాం. నాకు మాత్రం ఈ మధ్య అది వేరే ప్రశ్నలా కనిపిస్తోంది. మనం చేసే పనికి అర్థం ఎక్కడుంటుంది? చేతిలో తయారయ్యే వస్తువులోనా? దాన్ని మెచ్చుకునేవాళ్ళ కళ్ళలోనా? లేక ఆ పని ఏ షరతుల మీద చేస్తామో తేల్చుకోగలగడంలోనా? చీరాల చరిత్ర నిండా ఈ ప్రశ్నే ఉంది. సమాధానం మాత్రం మనం ఆశించేంత అందంగా ఉండదు.

*

ముందు అందమైన సమాధానం చూద్దాం. అది కుమారస్వామిది. 1909లో ఆయన 'ది ఇండియన్ క్రాఫ్ట్స్‌మన్' అనే చిన్న పుస్తకం రాశాడు. ఇంగ్లండులో విలియం మోరిస్ వాళ్ళ ప్రభావం ఆయన మీద బలంగా ఉండేది. క్లుప్తంగా చెప్తే, పాతకాలపు చేతిపనివాడికి పని, పూజ, కళ వేరువేరు కావు. ఫ్యాక్టరీ వచ్చి మనిషిని వస్తువు నుంచి విడదీసింది, దాంతో పనిలోంచి అర్థం ఎగిరిపోయింది. ఇవాళ ఇన్‌స్టాగ్రామ్‌లో ఏ చేనేత బ్రాండ్ పేజీ తెరిచినా, తెలిసో తెలియకో, ఈ వాదానికి పొట్టి రూపమే కనిపిస్తుంది. ప్రతి పోగులో ఒక కథ, తరతరాల వారసత్వం, ఆత్మ ఉన్న బట్ట.

దీన్ని చీరాల మగ్గం దగ్గరికి తీసుకెళ్ళి చూస్తే ఏమవుతుంది?

చీరాలకు ప్రపంచంలో పేరు తెచ్చిన బట్ట తేలియా రుమాల్. పోగుల్ని ముందే కట్టి, రంగులో ముంచి, తర్వాత నేసే ఇక్కత్ పద్ధతి. ఎరుపు, నలుపు, తెలుపు గళ్ళ చదరపు గుడ్డ. నూలును ఆముదపు కాయల బూడిద, నూనె కలిపిన నీళ్ళలో నానబెట్టి, పిసికి, ఆరబెట్టి, మళ్ళీ నానబెట్టి, అలా రోజుల తరబడి చేసేవాళ్ళు. రంగు గట్టిగా పట్టడానికి ఇంత తతంగం. నూనె వాసన బట్టను వదలదు, అందుకే 'తేలియా'. ఇక్కడి జాలర్లు కట్టుకునేవాళ్ళు. కానీ అసలు గిరాకీ సముద్రం అవతల ఉండేది. ఏడెన్, పర్షియన్ గల్ఫ్, తూర్పు ఆఫ్రికా తీరాలు. అక్కడ అది తలపాగా, భుజం మీద గుడ్డ.

అంటే ఈ 'సంప్రదాయ' బట్ట పుట్టింది ఎగుమతి మార్కెట్ కోసం. నేసిన మనిషి ఏడెన్ ఎప్పుడూ చూసి ఉండడు. తొడిగిన మనిషికి చీరాల ఎక్కడుందో తెలీదు. మధ్యలో వర్తకుడు, ఓడ, మళ్ళీ వర్తకుడు. ఇక ఆ ఎరుపు సంగతి. ఒకప్పుడు ఈ తీరపు ఇసుక నేలల్లో దొరికే చిరివేరుతో ఎర్రరంగు తీసేవాళ్ళు. 1860ల చివర జర్మనీలో అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారు చేయడం నేర్చుకున్నాక, కొన్ని దశాబ్దాల్లోనే చిరివేరు తవ్వేవాళ్ళకు పని లేకుండా పోయింది. ఇవాళ మ్యూజియం అద్దాల వెనక మనం ముచ్చటపడే ఎరుపులో చాలా మటుకు జర్మన్ రసాయనమే.

ఇంకో ముచ్చట. ఇరవయ్యో శతాబ్దపు తేలియా రుమాళ్ళలో ఏనుగులు, సింహాలతో పాటు గడియారాలు, గ్రామఫోన్లు, విమానాలు కూడా కనిపిస్తాయి. నేతగాడు సంప్రదాయాన్ని కాపాడుతూ కూర్చోలేదు. తన కాలం ఎటు పోతోందో గమనిస్తూ, అమ్ముడుపోయేది ఏదో చూసుకుంటూ, చేతనైతే కాస్త సరదాగా కూడా నేశాడు. పనిలో ఆనందం లేదని నేను అనను. నూలు మీద విమానాన్ని కట్టి చూపించాలంటే లెక్క కావాలి, చెయ్యి కావాలి, గర్వం కూడా ఉండి తీరాలి. కానీ కుమారస్వామి ఊహించిన బజారు లేని స్వర్ణయుగం మాత్రం చీరాలలో కనపడదు. మనం వెనక్కి ఎంత దూరం నడిచినా బజారు మనకంటే ముందే అక్కడ ఉంటుంది.

*

లాంకషైర్ మిల్లు వచ్చింది, మన మగ్గం చచ్చింది అనే కథ ఇంకోటి ఉంది. ఇదీ సగమే నిజం. ముందు చచ్చింది మగ్గం కాదు, రాట్నం. మిల్లు నూలు చవగ్గా, గట్టిగా, సమంగా ఉండేది. నేతగాళ్ళు దాన్ని తీసుకున్నారు. ఇంటింటా నూలు వడికి నాలుగు డబ్బులు సంపాదించుకున్న ఆడవాళ్ళ పని పోయింది. దానికి ఏ ఊళ్ళోనూ స్మారక స్తంభం లేదు.

మగ్గం బతికింది కానీ దాని ప్రాణం వేరేవాళ్ళ చేతికి పోయింది. నూలు ఇప్పుడు ఊళ్ళో తయారు కాదు, కొనాలి. కొనాలంటే డబ్బు కావాలి, డబ్బు షావుకారు దగ్గర ఉంటుంది. షావుకారు డబ్బిచ్చి ఊరుకోడు, నూలే ఇస్తాడు. నేసి తెచ్చిన బట్ట ఆయనదే. నేసినందుకు మజూరీ. ఇదే క్రమంగా 'మాస్టర్ వీవర్' పద్ధతి అయింది. పేరులో వీవర్ ఉంటుంది గానీ ఆయన నేయనక్కర్లేదు. అడ్వాన్సు పుచ్చుకున్న కుటుంబం అది తీరేదాకా ఇంకొకరికి నేయడానికి లేదు.

ఇక్కడ ఆగి చూడాల్సింది ఒకటుంది. మన బుర్రల్లో పెట్టుబడిదారీ వ్యవస్థ అంటే ఒక బొమ్మ ఉంది. పొగగొట్టం, సైరన్, గేటు, గేటు బయట కార్మికులు. చీరాలలో అలాంటిది కూడా ఉంది. ఐఎల్‌టీడీ పొగాకు కంపెనీలో ఆకు వేరుచేసే పనికి సీజన్లో వెళ్ళే ఆడకూలీలు ఈ ఊరి చరిత్రలో పెద్ద భాగం. కానీ నేతగాడి దగ్గరికి పెట్టుబడి గేటు వేసుకుని రాలేదు. ఇంట్లోకే వచ్చింది. గుంట మగ్గం ఇంట్లోనే, వంట పొయ్యి పక్కనే. భార్య కండెలు చుడుతుంది, పిల్లలు ఆసు పోస్తారు, ముసలాయన పడుగు సరిచేస్తాడు. మజూరీ మాత్రం ఒక్కరి లెక్కన వస్తుంది. పని ఎప్పుడు మొదలై ఎప్పుడు అయిపోయిందో చెప్పే సైరన్ ఉండదు. ఆర్డరు ఉంటే రాత్రి దీపం కింద కూడా పనే. లేకపోతే పస్తు. 2020లో ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని మనం 'వర్క్ ఫ్రమ్ హోమ్' అనే మాట కొత్తగా నేర్చుకున్నాం. చీరాల పక్కన జాండ్రపేటలో ఆ మాట ఎవరికీ వివరించనక్కర్లేదు.

ఇంకో విడ్డూరం. ఈ మైదానమంతా పత్తి చేలు. 1861-65 అమెరికా అంతర్యుద్ధం రోజుల్లో లాంకషైర్‌కు అక్కడి పత్తి ఆగిపోతే, కోకనాడ పత్తి పేరుతో ఇక్కడి పత్తి ఓడలెక్కింది. రైతుకు ధర, నేతగాడికి నూలు పిడుగు. పొలం కనుచూపు మేరలో ఉన్నా, పోగు ధర ఎక్కడో సముద్రాల అవతల తేలుతుంది.

*

ఇలాంటి ఊరికి 1919లో ప్రభుత్వం ఒక మున్సిపాలిటీ తెచ్చి పెట్టింది. చీరాల, పేరాల, పక్కనున్న మరికొన్ని పల్లెలు కలిపితే జనాభా పదిహేను వేల దాకా. పారిశుద్ధ్యం, మంచినీళ్ళు అని కారణాలు చెప్పారు. పన్నులు ఎన్నో రెట్లు పెరిగాయి. జనంలో ఎక్కువమంది రోజు మజూరీ మీద బతికే నేతపనివాళ్ళు. అర్జీలు పెట్టారు. వినలేదు. కట్టం అన్నారు. కొందరిని జైలుకు పంపారు, వాళ్ళలో ఒక స్త్రీ కూడా ఉంది.

1921 ఏప్రిల్లో, బెజవాడ కాంగ్రెస్ సమావేశాల తర్వాత గాంధీ చీరాల వచ్చాడు. రెండు దారులు చెప్పాడు. ఒకటి, పన్ను కట్టకుండా అహింసగా ఎదుర్కోవడం. రెండోది, మున్సిపాలిటీ హద్దు దాటి వెళ్ళిపోవడం. వెళ్ళిపోతే పన్ను ఎవరి మీద వేస్తారు? గోపాలకృష్ణయ్య రెండోది ఎంచుకున్నాడు. ఆయన కట్టిన 'శ్రీరామదండు' వాలంటీర్లు ముందు నడిచారు. సుమారు పదమూడు వేల మంది ఊరు వదిలి పొలిమేర అవతల గుడిసెలు వేసుకున్నారు. ఆ కొత్త ఊరికి రామనగరం అని పేరు పెట్టుకున్నారు.

పదకొండు నెలలు ఉన్నారు. ఎండలు, వానలు, చలి అన్నీ అక్కడే. గోపాలకృష్ణయ్య ఉత్త ఉపన్యాసకుడు కాడు. జక్కుల పాటలు, తోలుబొమ్మలు, గొల్లకలాపాలు అంటే ప్రాణం పెట్టినవాడు. ఆటపాటల్ని అటకమీద దాచిపెట్టే సంపదలా చూడకుండా ఊరి బతుకులో భాగంగా చూశాడు. 'అభినయ దర్పణం' అనువదించిన మనిషికీ, రామదండు నడిపిన మనిషికీ మధ్య నాకు కనిపించే వంతెన ఇదే. అర్థాన్ని ఆయన పుస్తకంలోంచి తీసుకొచ్చి నడుస్తున్న జనంలో పెట్టాడు. తరతరాలుగా ఎవరో చెప్పిన కొలతకు, ఎవరో కట్టిన ధరకు నేసిన మనుషులు మొదటిసారి తమ బతుకు షరతును తామే రాసుకున్నారు. ఒక్క మాట: వద్దు.

తర్వాత జరిగింది తెలిసిందే. బరంపురంలో నిషేధాన్ని ధిక్కరించి మాట్లాడినందుకు గోపాలకృష్ణయ్యకు ఏడాది జైలు. 1922లో గాంధీ దేశమంతటా ఉద్యమం ఆపేశాడు. డబ్బు అయిపోయింది, ఓపిక అయిపోయింది. జనం ఇళ్ళకు తిరిగొచ్చారు. గోపాలకృష్ణయ్య 1928లో క్షయతో పోయాడు. ముప్ఫైతొమ్మిదేళ్ళు.

ఈ కథను వీరగాథగా చెప్పి ఆపేస్తే మనసుకు హాయిగా ఉంటుంది. కానీ ఒక ప్రశ్న మిగులుతుంది. వాళ్ళు మున్సిపాలిటీకి వద్దు అన్నారు. నూలు షావుకారుకు అనలేదు. అనగలిగేవాళ్ళా? మున్సిపాలిటీకి ఒక ఆఫీసుంది, ఒక చైర్మన్ ఉన్నాడు, ఒక హద్దు రాయి ఉంది. ఆ రాయి దాటితే దాని అధికారం ఆగిపోతుంది. బజారుకు పొలిమేర ఏది? రామనగరంలో గుడిసె వేసుకున్నా కండెలోకి నూలు కావాలి. నూలు మిల్లు నుంచే రావాలి. ఖద్దరు వడకమని గాంధీ చెప్పాడు గానీ, చేతి నూలు తెగుతుంది, ఆలస్యం అవుతుంది, నేతగాడికి గిట్టదు. ప్రభుత్వం నుంచి వలసపోవచ్చు. నూలు ధర నుంచి ఎక్కడికి వలసపోతాం?

*

ఆ తర్వాతి చీరాల చరిత్రను నేను ఈ ప్రశ్నకు వెతుకులాటగానే చదువుతాను. దాని కేంద్రంలో ఉన్న మనిషి ప్రగడ కోటయ్య. చీరాల ఎమ్మెల్యేగా, తర్వాత రాజ్యసభ సభ్యుడిగా, సహకార సంఘాల నిర్మాతగా ఆయన జీవితమంతా చేసింది ఒకటే. బజారులోనే ఒక పొలిమేర రాయి పాతడం. ఈ గీత ఇవతల మగ్గానిది, అవతల మిల్లుది. సహకార సంఘం అంటే నూలు షావుకారు దగ్గర కాకుండా మన సొసైటీలో దొరకడం. రిజర్వేషన్ అంటే చీర, పంచె, తువ్వాలు, లుంగీ లాంటి కొన్ని రకాలు మరమగ్గం నేయకూడదని చట్టం.

ఆ చట్టం 1985లో వచ్చింది. 22 రకాలు చేనేతకు. మరమగ్గాల యజమానులు కోర్టులకు వెళ్ళారు. ఏళ్ళ తరబడి అమలు ఆగింది. 1993లో సుప్రీంకోర్టు చట్టం సబబే అంది. 1996కల్లా ప్రభుత్వమే ఆ 22ని 11 చేసింది. పొలిమేర రాయిని ఎవరూ పగలగొట్టలేదు, మెల్లగా జరిపేశారు.

కోర్టుల్లో వాదనలు నడుస్తున్న ఆ రోజుల్లోనే 1991 వచ్చింది. మనకు ఆ ఏడాది అంటే సరళీకరణ, మన్మోహన్ సింగ్ బడ్జెట్. మన ఉద్యోగాలు, మన అపార్ట్‌మెంట్లు, ఈ వ్యాసం చదువుతున్న ఫోను, అన్నిటికీ అది పుట్టినతేదీ. చీరాల చుట్టుపక్కల ఊళ్ళకు అదే ఏడాది ఇంకో పేరుంది. చిలపల నూలు ధర ఆకాశానికి పోయింది, పత్తి, నూలు ఎగుమతులు జోరుగా సాగుతున్నాయి. మాస్టర్ వీవర్లు నూలు ఇవ్వడం ఆపేశారు, మగ్గాలు ఆగాయి. ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో నేత కార్మికుల ఆకలిచావులు పత్రికలకెక్కాయి. ఆకలా, జబ్బా అని అధికారులు చర్చించారు. మళ్ళీ చుట్టూ పత్తి చేలు, మధ్యలో పోగు లేని మగ్గం. 1860ల నాటి బొమ్మే, నూట ముప్ఫై ఏళ్ళ తర్వాత.

అవి నైపుణ్యం లేక వచ్చిన చావులు కావు. చేతిలో పనితనం ఉంది. తరతరాల వారసత్వం ఉంది. ఇన్‌స్టాగ్రామ్ పేజీ అడిగేవన్నీ ఉన్నాయి. లేనిది నూలు మీద అధికారం.

*

ఇవాళ్టికి వస్తే, దేశంలో చేనేత మీద ఉన్న మనుషులు 1995 లెక్కల్లో 65 లక్షలు, 2009-10లో 43 లక్షలు, 2019-20లో 35 లక్షలు. ఆ చివరి లెక్కలోనే నేత కుటుంబాల్లో మూడింట రెండు వంతులకు నెలకు ఐదు వేల లోపు రాబడి అని తేలింది. పనివాళ్ళలో ఎక్కువమంది స్త్రీలు. ఇదే కాలంలో చేనేత మీద మన ప్రేమ మాత్రం పెరుగుతూ వచ్చింది. 2015 నుంచి ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం. ఆ రోజు అందరం చీరల్లో, కుర్తాల్లో ఫోటోలు పెడతాం. 2020లో ఆ పండగకు పదిరోజుల ముందే అఖిల భారత చేనేత బోర్డును కేంద్రం రద్దు చేసింది. ఎక్కువమంది గమనించలేదు.

తేలియా రుమాల్ సంగతి కూడా ఇలాగే అయింది. చీరాల దాన్ని దాదాపు మర్చిపోయింది. ఆ విద్య పుట్టపాకలో నిలబడింది. 2020లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. సంతోషమే. కానీ జీఐ అనేది పేరు చుట్టూ పాతిన పొలిమేర రాయి. ఫలానా పేరు ఫలానా చోట నేసిన బట్టకే అని చెప్తుంది. నేసిన మనిషికి ఎంత ముట్టాలో చెప్పదు.

నాకు అనిపించేది ఇది. ఒకప్పుడు పెట్టుబడి నేతగాడి దగ్గర నుంచి నూలును విడదీసింది. ఇప్పుడు అర్థాన్ని కూడా విడదీసి వేరే వస్తువుగా అమ్ముతోంది. చీరకో ధర, చీర వెనకున్న 'కథ'కో ధర. కథకు వచ్చిన అదనపు డబ్బు కథ చెప్పినవాళ్ళకు పోతుంది. కొనేది ఎవరంటే మనమే. మన పనిలో అర్థం దొరక్క, ఇంకొకరి పనిలో ఉందనుకున్న అర్థాన్ని శనివారం ఎగ్జిబిషన్‌లో కొనుక్కుంటున్నాం. నేను పనిచేసిన ఒక ఆఫీసులో అప్రైజల్ ఫారంలో 'మీ పనిలో మీకు దొరికిన పర్పస్ ఏమిటి' అని ఒక గడి ఉండేది. ఏటా ఏదో ఒకటి నింపేవాణ్ణి. రాత్రి పదకొండింటికి వచ్చే మెసేజ్‌కి 'రేపు చూస్తాను' అని చెప్పే గడి మాత్రం ఎక్కడా ఉండేది కాదు. చీరాల చదివాక ఆ రెండో గడే అసలు ప్రశ్న అని అర్థమైంది.

నా చలవ గది ఉద్యోగాన్ని గుంట మగ్గంతో పోల్చడం లేదు. పస్తుకీ విసుగుకీ పోలిక లేదు. కానీ పని ఇంట్లోకి జొరబడి, ఎప్పుడు ఆగాలో చెప్పే హక్కు మన చేతుల్లోంచి జారిపోయాక, అర్థం గురించి ఎంత వెతికినా దొరకదనే పాఠం మాత్రం ఆ ఊరు మనకంటే చాలా ముందే నేర్చుకుంది. 1921లో పదకొండు నెలల పాటు వాళ్ళు ఇంకోటి కూడా చూపించారు. ఒంటరిగా అంటే గొణుగుడు అనిపించుకునే 'వద్దు' పదమూడు వేల మంది అంటే ఒక ఊరు అవుతుంది. వాళ్ళు ఓడిపోయారు నిజమే. దాటాల్సిన పొలిమేర అది ఒక్కటే కాదని తర్వాత తెలిసింది. అయినా దాటొచ్చని తెలిసింది కూడా వాళ్ళ వల్లే.

మద్రాసు వైపు పోయే రైలు చీరాలలో ఆగుతుంది. స్టేషన్ బయట ఎంజీసీ మార్కెట్‌కి దారి అడిగితే ఎవరైనా చెప్తారు. ఒకప్పుడు ఈ ఊరిని చిన్న బొంబాయి అనేవాళ్ళు, ఈ మార్కెట్టే దానికి కారణం. ఏ కొట్లోనైనా కూర్చోండి, చీరలు పరుస్తారు. మిల్లువి, మరమగ్గానివి, కొన్ని నిజంగా మగ్గం మీదవి. నచ్చింది తీసుకోండి. అయితే దాని కథ అడగకండి. దీని మజూరీ ఎంత అని అడగండి. కొట్టాయన ఒక్క క్షణం తలెత్తి చూస్తాడు. ఆ ప్రశ్న అడిగే గిరాకీలు తక్కువ మరి.